గోడ కింద కాలువ: పక్కనున్న మిలటరీ క్యాంపస్‌తో కలిసి పని చేయడం ఎలా

బెంగళూరులో ఇల్లు చూపించేటప్పుడు బ్రోకర్లు గొప్పగా చెప్పే మాట ఒకటుంది. "వెనకాల డిఫెన్స్ ల్యాండ్ సార్, జన్మలో బిల్డింగ్ రాదు." మేమూ ఆ మాటకే పడిపోయాం. బాల్కనీలో నిలబడితే గోడ అవతల చెట్లే చెట్లు, వాటి మొదళ్లకు జేగురు, సున్నం పట్టీలు, పొద్దున్నే పరేడ్ బూట్ల చప్పుడు. ఆ గోడ కింద నుంచి ఒక వాన కాలువ పోతుందని మాత్రం బ్రోకర్ చెప్పలేదు. మన వీధుల చెత్తా మురుగూ మోసుకుని అది క్యాంపస్‌లోకి దూరుతుంది. అక్కడిది కూడా కాస్త కలుపుకుని కిందున్న చెరువులో పడుతుంది. పెద్ద వాన పడిన రాత్రి మాత్రం వెనక్కి తన్ని మా సెల్లార్‌లోకి వస్తుంది.

నాలుగేళ్లుగా ఈ కాలువ చుట్టూ తిరుగుతున్నాను. యూనిట్ పేరు రాయను, అవసరం లేదు. హలసూరు, అగరం, జాలహళ్లి, యలహంక, మీ ఇల్లు ఏ గోడ పక్కన ఉన్నా పద్ధతి దాదాపు ఇదే.

మొదట ఒక సంగతి. సికింద్రాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడా కంటోన్మెంట్ బోర్డు ఉంటుందనుకుంటారు. స్టేషన్ పేరు కంటోన్మెంటే గానీ బోర్డు లేదు. 1949లో పాత ఊరినీ, సివిల్ అండ్ మిలటరీ స్టేషన్‌నూ కలిపి ఒకే కార్పొరేషన్ చేసేశారు. కాబట్టి సైన్యానికీ పౌరులకూ మధ్య కూర్చుని మాట్లాడే ఎన్నికైన సంస్థ ఏదీ ఇక్కడ లేదు. గోడకు అటు రక్షణ శాఖ, ఇటు కార్పొరేషన్, నీళ్ల బోర్డు. ఆ మధ్య ఖాళీని మీలాంటివాళ్లే పూరించాలి.

1. ఒక్క సమస్య పట్టుకోండి

"పర్యావరణ పరిరక్షణలో భాగస్వామ్యం" అని ఉత్తరం రాస్తే మర్యాదగా జవాబొస్తుంది, పని జరగదు. మొదటి ఏడాది మేము చేసిన తప్పు అదే. గోడను దాటే ఒక్క వస్తువును ఎంచుకోండి. అది నీరు కావచ్చు, చెత్త, పొగ, దోమలు, పక్షులు కావచ్చు. నా ఓటు నీటికే. నీటికి ఎత్తుపల్లాలే తప్ప గేటూ పాసూ తెలియవు, ఎవరివైపు నుంచి ఎటు పోతోందో కళ్లకు కనిపిస్తుంది.

ఎంచుకున్నాక రెండు వానలు చూడండి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. గొడుగేసుకుని కాలువ వెంట నడవండి. ఎక్కడ పొంగుతోంది, వాన ఆగిన ఎంతసేపటికి తగ్గుతోంది, ఫోన్లో టైమ్‌తో సహా రాసుకోండి. గోడ దగ్గర ఫొటోలు తీయకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

అలా నడిచిన రోజే మా సమస్య అసలు రూపం తెలిసింది. కాలువ గోడ కిందకు వెళ్లేచోట ఇనుప ఊచల చట్రం ఉంది. మనుషులు దూరకుండా భద్రత కోసం పెట్టినది, ఊచకూ ఊచకూ మధ్య జానెడు సందు. ఆ సందుకు అడ్డంగా ఒక పాత పరుపు. దానికి ఆనుకుని కొబ్బరి బొండాలు, పాల కవర్లు, థర్మాకోల్ ముక్కలు, ఎవరిదో ఎడమ కాలి చెప్పు. ఇంత దడి కట్టాక నీళ్లు ఎటు పోతాయి, మా సెల్లార్‌లోకి తప్ప? అప్పటిదాకా "మిలటరీవాళ్లు కాలువ మూసేశారు" అని వాట్సాప్ గ్రూపులో తిట్టుకున్నాం. ఆ పరుపు మాత్రం మా వీధిదే.

2. ఎవరి భూమో, ఎవరి పనో తెలుసుకోండి

కర్ణాటక రెవెన్యూ శాఖ 'దిశాంక్' యాప్‌లో మీరు నిలబడ్డ చోటి సర్వే నంబరు కనిపిస్తుంది. కాలువ ఎక్కడిదాకా ప్రభుత్వ కాలువ, ఎక్కడి నుంచి డిఫెన్స్ అన్నది ఒక అంచనాకు వస్తుంది. కచ్చితమైన హద్దు కావాలంటే సర్వేయర్ రావాల్సిందే. ఆ జోలికి మాత్రం పోకండి. హద్దు మాట ఎత్తిన క్షణం మీరు ఆక్రమణదారుల తరఫు మనిషేమోనని అవతలివాళ్లకు అనుమానం పుడుతుంది. డిఫెన్స్ భూముల కేసులు వాళ్లు చూడనివి కావు.

మనుషుల సంగతి ఇంతకంటే ముఖ్యం. ఆర్మీ స్టేషన్‌లో పౌరులతో వ్యవహారాలు చూసేది స్టేషన్ హెడ్‌క్వార్టర్స్, అందులో అడ్మినిస్ట్రేటివ్ కమాండెంట్. వాళ్ల మాటల్లో 'అడమ్ కమాండెంట్'. ఎయిర్‌ఫోర్స్‌లో స్టేషన్ కమాండర్ తరఫున అడ్మిన్ విభాగం. పైపులు, మురుగు, పంపులు, శుద్ధి ప్లాంట్లు చూసేది ఎంఈఎస్, అంటే మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్. అందులో గ్యారిసన్ ఇంజినీర్ ఆఫీసు. నా అనుభవంలో కాలువ పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి దొరికేది ఇక్కడే. ఇందులో సివిలియన్ ఉద్యోగులు చాలామంది ఉంటారు, అధికారులంత తరచుగా మారరు. మ్యాన్‌హోల్ మూత తీయకుండానే కింద ఏముందో చెప్పే పాతకాపు ఒకరుంటారు. ఆయన్ని పట్టుకుంటే సగం పని అయినట్టే.

మనవైపు కార్పొరేషన్‌లో రాజకాలువల (పెద్ద వాన కాలువల) విభాగం, మురుగుకు నీళ్ల బోర్డు, కాలుష్యానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరు ఐదు కార్పొరేషన్లయింది. మీ వార్డు ఇప్పుడు ఎందులో ఉందో చూసుకోండి. పాత ఆఫీసుకు వెళ్లి ఒక పూట పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

3. ముందు మన పెరడు

తన కంపు తనకింపు అంటారు. మా అపార్ట్‌మెంట్ మురుగు శుద్ధి ప్లాంటు రాత్రిపూట గాలి పంపే బ్లోయర్ ఆపేసి నడుస్తోందని నాకు తెలిసింది ఈ పని మొదలుపెట్టాకే. కరెంటు బిల్లు ఆదా అట. శుద్ధి కాని నీళ్లు కాలువలోకి వదులుతూ, పక్క క్యాంపస్‌ను "మీ నీళ్లు శుభ్రంగా లేవు" అని ఎలా అడుగుతాం? ఉత్తరం రాసేముందు మీ ప్లాంటు నీళ్ల ల్యాబ్ రిపోర్టు, తడి చెత్త ఎక్కడికి పోతుందో రాసిన ఒక కాగితం, ఇంకుడు గుంతల లెక్క సిద్ధం చేసుకోండి. 60కి 40 అడుగులు, అంతకు మించిన సైట్లలో ఉన్న ఇళ్లకు వాననీటి సేకరణ 2009 నుంచే తప్పనిసరి. మీ వీధిలో ఎన్ని ఇళ్లకు నిజంగా ఉందో లెక్కపెట్టండి, నవ్వొస్తుంది.

4. వాళ్లకు ఎక్కడ నొప్పో కనిపెట్టండి

చాలా బృందాలు బోల్తా కొట్టేది ఇక్కడే. మన బాధ చెప్పుకోవడానికి వెళతాం తప్ప వాళ్ల బాధేమిటో అడగం. క్యాంపస్‌కు తన పని తనకుంది. శిక్షణ, విమానాలు, బండ్లు, క్వార్టర్స్‌లో కుటుంబాలు. ఆ పనికి అడ్డొచ్చే పర్యావరణ సమస్య ఏదో తెలిస్తే మాట కలుస్తుంది.

అమెరికాలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఒకటుంది. నార్త్ కరొలైనాలోని ఫోర్ట్ బ్రాగ్. అక్కడి పొడవాకు పైన్ అడవుల్లో ఒక జాతి వడ్రంగిపిట్ట ఉంది. బతికున్న ముదురు పైన్ చెట్లకే తొర్ర తొలుచుకుంటుంది. బేస్ చుట్టూ అడవులు కొట్టేసి ఇళ్లు కడుతుంటే, మిగిలిన పిట్టలకు బేస్ లోపలి అడవే దిక్కయింది. అంతరించే జాతుల చట్టం కింద 1990ల మొదట్లో సైనిక శిక్షణకే ఆంక్షలు వచ్చాయి. అప్పుడు సైన్యం లెక్క మార్చుకుంది. లోపల ఒత్తిడి తగ్గాలంటే బయట అడవి బతకాలి. 1995లో నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థతో కలిసి చుట్టుపక్కల భూములను కొనడం, కొన్నిచోట్ల యజమానులకు డబ్బిచ్చి అడవిగానే ఉంచేలా ఒప్పందాలు రాసుకోవడం మొదలుపెట్టింది. 2024లో ఆ పిట్టను ప్రమాద జాబితాలో ఒక మెట్టు కిందకు దించారు. జనరల్‌గారికి పిట్ట మీద ప్రేమ పుట్టి ఇదంతా జరగలేదు. శిక్షణ ఆగిపోతుంటే జరిగింది.

మన యలహంకలో ఆ పిట్ట స్థానంలో గద్ద ఉంది. ఎయిర్ షో దగ్గరపడితే చుట్టూ మాంసం దుకాణాలు మూయించడం రెండేళ్లకోసారి పేపర్లో చూస్తాం. 2025లో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కు 13 కిలోమీటర్ల దాకా మూయించారు. కోడి వ్యర్థాలను రోడ్డు పక్కన పారేస్తే గద్దలు వస్తాయి, గద్ద ఇంజిన్‌లో పడితే విమానానికే ప్రమాదం. విమానాశ్రయానికి 10 కిలోమీటర్లలోపు పక్షులను పిలిచే చెత్త వేయకూడదని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వ నిబంధన ఉండనే ఉంది. దుకాణాల షట్టర్లు నాలుగు వారాలు దించితే ఆ నాలుగు వారాలే గద్దలు తగ్గుతాయి. మీరు యలహంక వైపు ఉంటే, పది కోడిమాంసం కొట్లవాళ్లతో మాట్లాడి, వ్యర్థాలు ప్రతి రాత్రీ శుద్ధి కేంద్రానికి పోయే బండి ఏర్పాటు చేయించండి. ఆ కాగితం పట్టుకుని వెళితే స్టేషన్‌లో మీకు కుర్చీ వేస్తారు.

ఇంకో చిన్నమాట. వైమానిక స్థావరం పక్కన మొక్కలు నాటాలని ఉబలాటపడి మర్రి, రావి, నేరేడు పెట్టకండి. పండ్లకు పక్షులు, గబ్బిలాలు వస్తాయి. అవి మంచి చెట్లే, కానీ అక్కడ కాదు.

ఆర్మీ క్యాంపస్‌లలో నొప్పి వేరు. దోమలు, మురుగు వాసన, ఎండాకాలంలో గడ్డి మంటలు. 2018 జనవరి 19న బెళ్లందూరు చెరువులో మంటలు లేచినప్పుడు, ఆ ఒడ్డునే ఉన్న ఆర్మీ సర్వీస్ కోర్ సెంటర్ నుంచి సుమారు 5 వేల మంది జవాన్లు దిగి గంటల తరబడి ఆర్పారు. నీళ్ల మీద మంటేమిటని దేశమంతా నోరెళ్లబెట్టింది. ఊరి మురుగులో పెద్ద వాటా వచ్చిపడే చెరువు అది. పైన గుర్రపుడెక్క, ఎండిన గడ్డి, కింద కుళ్లుతూ మీథేన్. ఎవరో చెత్తకు నిప్పు పెడితే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాకుండా, డిసెంబరులోనే ఎండు గడ్డి ఎక్కడెక్కడ పేరుకుందో ఇరువైపులా కలిసి చూసుకునే ఏర్పాటు అడగండి. దీనికి కాదనే అధికారిని నేను ఇంతవరకూ చూడలేదు.

5. ఉత్తరం

ఒక పేజీ, ఇంగ్లీషులో, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద. కార్పొరేషన్‌కు వెళ్లే కాపీ కన్నడలో. మా రెండో ఉత్తరం, అంటే పని చేసిన ఉత్తరం, సారాంశం ఇదీ: "మా వీధి చెత్త మీ ఊచల చట్రం దగ్గర అడ్డుపడి ఇరువైపులా నీళ్లు నిలుస్తున్నాయి. గోడకు 20 మీటర్ల ఇవతల, కార్పొరేషన్ భూమిలో, చెత్త ఆపే జాలీ పెట్టి రోజూ మేమే శుభ్రం చేస్తాం. మీ చట్రాన్ని మీరు వారానికి ఒకసారి చూసుకుంటే చాలు. మాకు లోపలికి ప్రవేశం అక్కర్లేదు. దీని గురించి అరగంట సమయం ఇవ్వగలరా?"

ఇందులో మూడో వాక్యమూ నాలుగో వాక్యమూ ప్రాణం. వాళ్ల పని తక్కువ, మన పని ఎక్కువ, లోపలికి రాం. "చెట్ల మధ్య వాకింగ్‌కు అనుమతి" లాంటి కోరిక ఒక్కటి కలిపినా ఉత్తరం మొత్తం ఆ కోరిక కిందకే పోతుంది. మా కమిటీలో ఒకాయన అది కలపాలని పట్టుబట్టారు. మూడు మీటింగులు పట్టింది ఆయన్ని ఒప్పించడానికి.

నెలరోజులు జవాబు రాకపోతే టెన్షన్ పడకండి, ఆర్టీఐ వేయకండి, ట్విట్టర్ ఎక్కకండి. మరో కాపీ తీసుకెళ్లి గేటు దగ్గర ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇంకా కదలకపోతే పక్కదారి ఒకటుంది, ఎన్‌సీసీ. 2021 డిసెంబరులో ఎన్‌సీసీ బీచ్‌ల కోసం మొదలుపెట్టిన పునీత్ సాగర్ అభియాన్ తర్వాత నదులకూ చెరువులకూ విస్తరించింది. దగ్గర్లోని కాలేజీ ఎన్‌సీసీ అధికారి ద్వారా వెళితే ఒక యూనిఫాం ఇంకో యూనిఫాంతో మాట్లాడుతుంది.

6. గేటు దగ్గర

ఇద్దరే వెళ్లండి, ఒరిజినల్ ఆధార్ తీసుకుని, పది నిమిషాల ముందు. రిజిస్టర్‌లో పేరు, బండి నంబరు, ఎవరిని కలవాలి, అన్నీ రాయాలి. ఫోన్ అక్కడ పెట్టమంటే పెట్టేయండి. మేము వెళ్లిన రోజు గేటు దగ్గరి సుబేదారు నా ఇంటిపేరు చదివి, "ఏ ఊరు సార్ మనది?" అన్నారు. ఆయనది మార్కాపురం పక్క. బెంగళూరు సెంటర్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఆ పరిచయంతో మాకు టీ దొరికింది గానీ, పాస్ మాత్రం నిబంధన ప్రకారమే దొరికింది. అలాగే ఉండాలి కూడా. తెలుగు కలిసింది కదా అని అడ్డదారి అడిగితే ఆయన్ని ఇరుకున పెట్టినవాళ్లమవుతాం.

ఇక ఫొటోల సంగతి. మా బృందంలో ఒక కుర్రాడు, మంచివాడే, కాలువ పై నుంచి ఎలా ఉందో చూద్దామని డ్రోన్ ఎగరేశాడు. పది నిమిషాల్లో జీపు వచ్చింది. డ్రోన్ పోయింది, అతను పోలీస్ స్టేషన్‌లో సాయంత్రం దాకా కూర్చున్నాడు, మా మాటలు ఐదు నెలలు వెనక్కి పోయాయి. తప్పు పూర్తిగా మాదే. సైనిక స్థావరాల చుట్టూ డ్రోన్ నిషేధం, ఫొటోలకూ 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. మ్యాప్ కావాలంటే చేత్తో గీసుకెళ్లండి. వాళ్లకూ అదే ఇష్టం, దానిమీద వాళ్లే పెన్నుతో దిద్దుతారు.

7. మొదటి పని చిన్నది పెట్టుకోండి, మొక్కలు కాకుండా

మొక్కలు నాటడం అందరికీ ఇష్టం. గొయ్యి, మొక్క, బోర్డు, గ్రూప్ ఫొటో, సమోసా. ఎండాకాలానికి బోర్డు మిగులుతుంది. సైన్యానికి చెట్లు పెంచడం రాదని కాదు. 1982లో గఢ్వాల్‌లో టెరిటోరియల్ ఆర్మీ 127వ ఎకలాజికల్ బెటాలియన్‌ను పెట్టి, సున్నపురాయి క్వారీలతో బోడిగా మారిన మస్సూరీ కొండలను పచ్చగా చేసింది మన సైన్యమే. కానీ అది ఏళ్ల తరబడి అదే పని మీదున్న బెటాలియన్. మీ పక్క క్యాంపస్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు.

మేము పెట్టింది జాలీ. వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప ఊచల చట్రం, సందు రెండంగుళాలు, నిలువుగా కాకుండా, పై అంచు నీళ్లు పోయే వైపుకు వాలేలా. వాలుగా ఉంటే నీరు చెత్తను పైకి నెడుతుంది, పొడవాటి పారతో పైకి లాగడం తేలిక. నిలువుగా పెడితే చెత్త ఊచలకు అతుక్కుని మళ్లీ దడే. ఇది మాకు నేర్పింది ఎంఈఎస్ పాతకాపే. కార్పొరేషన్ ఇంజినీరు చేత రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి, లేకపోతే మీరే కాలువకు అడ్డం కట్టినవాళ్లవుతారు.

జాలీ పెట్టడం ఒక ఆదివారం పని. రోజూ దాన్ని శుభ్రం చేసేది ఎవరన్నదే అసలు ప్రశ్న. స్వచ్ఛందం మీద వదిలేస్తే మూడో వారానికి ఎవరూ రారు. ఇంటికి నెలకు ఇంత అని వేసుకుని ఒక మనిషికి జీతం ఇవ్వండి. గ్లౌజులు, గమ్ బూట్లు, టీకాలు మీ బాధ్యత. కాలువలోకి దిగాల్సిన అవసరం రాకూడదు, పై నుంచే పని జరగాలి. ఉగాది కల్లా పెద్ద శుభ్రం అయిపోవాలి, ఏప్రిల్ నుంచే ఇక్కడ గాలివానలు మొదలవుతాయి.

8. కొలవండి, కొంచెమే అయినా

ఆన్‌లైన్లో దొరికే టీడీఎస్ మీటరుతో మురుగును పట్టలేరు. అది కరిగిన లవణాలను చూపిస్తుంది, మురుగు కథ అందులో సగం కూడా తెలియదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ చూసే కిట్ కొనండి. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. తెల్లవారకముందే కొలవండి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం అంకె అందంగా వస్తుంది, చేపలు చచ్చేది వేకువజామున. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు గుట్టలుగా తేలిన సంగతి పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ చెరువులో ఒక భాగం మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అధీనంలోనే ఉంది.

కాలువ గోడలోకి వెళ్లేచోట మీరు, అటు బయటపడేచోట వాళ్లు, నెలకు ఒక్కరోజు ఒకే ఉదయం కొలవాలి. అంకెలు రెండూ ఒకే కాగితం మీద. ఎవరి మురుగు ఎంతన్న తగువు సగం అక్కడే తీరుతుంది. బెళ్లందూరు విషయంలో ఆ తగువు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

9. తప్పు వాళ్లవైపే తేలితే

తేలుతుంది, ఒక్కోసారి. మా కాగితంలో ఒక నెల కాలువ బయటపడేచోటి అంకె లోపలికి వెళ్లేచోటి అంకె కంటే దారుణంగా వచ్చింది. క్వార్టర్స్ పంపు పాడై మురుగు నేరుగా కాలువలో పడుతోంది. దాన్ని గ్రూపులో పెట్టకుండా గ్యారిసన్ ఇంజినీర్ ఆఫీసుకు ఫోన్ చేశాం. పంపు బాగుపడటానికి మూడు వారాలు పట్టింది, టెండరు గొడవ. మా ప్లాంటు బ్లోయర్ ఆగినప్పుడు వాళ్లూ ఫోనే చేశారు.

ఎప్పటికీ కదలకపోతే రాతపూర్వకంగా అడగండి. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే తమ పరిధిలోకి వచ్చేవాటిలో వైమానిక స్థావరాలనూ రక్షణ సంస్థలనూ పేరుపెట్టి చేర్చాయి. అంటే అడగడం తప్పేమీ కాదు. ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి. ట్రిబ్యునల్ ఆఖరు. కేసు పడ్డ రోజు నుంచి అవతలివాళ్లు లాయరు లేకుండా మీతో టీ కూడా తాగరు.

10. పోస్టింగ్ ఆర్డర్ వచ్చిన రోజు

రెండు మూడేళ్లకోసారి వస్తుంది. మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే కల్నల్‌గారు ఒక సోమవారం నుంచి జోధ్‌పూర్‌లో ఉంటారు. కొత్తాయనకు మీరెవరో తెలియదు. అందుకే మొదటి ఏడాదిలోనే ఒక పేజీ మీటింగ్ నోట్ రాయించుకుని ఇరువైపులా సంతకాలు పెట్టించండి. పెద్ద ఒప్పందం అడిగితే అది పై హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్లి అక్కడే నిద్రపోతుంది. నోట్‌లో హోదాలు రాయండి, మనుషుల పేర్లు కాదు. జాలీ ఎవరిది, చట్రం ఎవరిది, కొలత ఏ తేదీన, ఫోన్ ఏ ఆఫీసుకు. అంతే.

కొత్తాయన వచ్చిన రెండో వారంలో ఆ నోట్, పన్నెండు నెలల అంకెలు, చేత్తో గీసిన మ్యాప్ ఒక ఫైల్లో పెట్టుకుని గేటుకు వెళ్లండి. వాన పడిన మర్నాడు అయితే ఇంకా మంచిది. ఆధార్ మర్చిపోకండి.